పేరులోని యొత్తు

గంగాధరుడు, దామోదరుడు అను పేళ్లు మన గ్రామములందు పెక్కు గలవు. మొదటిదానికి ఒత్తు గలదు, రెండవదానికి లేదు. గంగను ధరించినవాడు గంగాధరుడు. యశోద రోటికి గట్టినప్పుడు ఉదరమున దామము, అనగా త్రాడు, గలవాడు గనుక కృష్ణుడు దామోదరుడు. దామోధరుడన్నచో ఉదరమే పోయినది! బుద్ధుని తండ్రి శుద్ధోదనునకును ఇదే గతి పట్టినది. ఓదనమనగా అన్నము, ఒత్తు చేర్చి ఆ యన్నమును పలువురు ధనముగా మార్చుచున్నారు. దుర్యోధనునకు మాత్రము ఒత్తు వలయును, యోధనమనగా యుద్ధము.

అరచేతిని నోటియెదుట నుంచి ద, ధ లను పలికిచూడుడు. ధకారమున ఊపిరి చేతికి తగులును. బడిపిల్లలకు నేనిట్లే నేర్పితిని. బిడ్డను బడిలో చేర్చునాడు పేరెట్లు వ్రాసిరో పెద్దలే చూచుకొనవలెను. ఆనాటి తప్పు దస్తావేజులలోనికిని వచ్చును. దానిని దిద్దించుటకు కచేరీలచుట్టు తిరిగినవారిని నేనెరుగుదును.