పాత పావలాకు లక్ష రూపాయలా?

ఇంట్లో డబ్బా అడుగున పాత పావలా బిళ్లలు ఉంటాయి. కొన్నిటి మీద ఖడ్గమృగం బొమ్మ ఉంటుంది. 2011 జూన్ 30తో పావలా చెలామణి ఆగిపోయింది. అర్ధ రూపాయి మాత్రం నేటికీ చెల్లుతుంది.

మరి పాత బిళ్లకు ధర వస్తుందా? పాతదైతే చాలదు. లెక్కలేనన్ని చేసిన బిళ్ల ఎవరి దగ్గరైనా దొరుకుతుంది. తక్కువగా చేసినదై, అరగకుండా ఉండాలి. అప్పుడే సేకరించేవాళ్లు ఎక్కువ ఇస్తారు.

ప్రొద్దుటూరు అంగట్లో బంగారానికి తూకం చూస్తారు. నాణేనికి అట్లా కాదు. పసుపు రంగు ఇరవై పైసల బిళ్లలో బంగారం లేదు. అది రాగి కలిసిన లోహమే.

జమ్మలమడుగులోనో, పులివెందులలోనో చిల్లర తీసుకుంటే బిళ్ల మీద సంవత్సరం చదవండి. దాని కింద నక్షత్రం ఉంటే అది హైదరాబాదు టంకశాలలో తయారైనది. నచ్చినవి దాచుకోండి. చింతపండుతో తోమవద్దు. తోమితే రూపు చెడి ధర తగ్గుతుంది.

"మీ బిళ్లకు లక్ష ఇస్తాం, ముందు ఫీజు కట్టండి" అని ఎవరైనా ఫోను చేస్తే నమ్మవద్దు. రిజర్వు బ్యాంకు పేరు చెప్పినా నమ్మవద్దు. పాత నాణేలకు తాము ఏ ఫీజూ తీసుకోమని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో చెప్పింది. కొనేవాడు మనకు డబ్బు ఇవ్వాలి. మనల్ని అడిగితే అది మోసమే.