చప్పుడు చేయని ప్యాచ్

హార్వర్డ్ మార్క్-1 కంప్యూటర్‌కు 1944లో ఆదేశాలు కాగితపు టేపు మీద రంధ్రాల రూపంలో అందేవి. తప్పు రంధ్రం పడితే టేపంతా మళ్లీ తయారు చేయకుండా, అక్కడ ఓ కాగితం ముక్క అతికించేవారు. అలా అతుకులు పడిన టేపు ఒకటి అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థలో ఉంది. ఆ అతుకు ఊడితే కంటికి కనిపించేది.

1985లో ప్రోగ్రామర్ లారీ వాల్ ‘ప్యాచ్’ అనే ప్రోగ్రామే రాశాడు. మారిన వరుసలు మాత్రం పంపితే చాలు, పాత ఫైలులో వాటి చోటు వెతికి అదే సర్దేది. వరుసలు కాస్త అటూ ఇటూ జరిగినా పట్టుకునేది. అంతకన్నా మెచ్చుకోవలసింది దాని నిజాయితీ. ఇమడని ముక్కలను విడిగా ఒక ఫైలులో రాసి, ఇవి కుదరలేదని చూపించేది.

1988 నవంబరులో మోరిస్ వార్మ్ అనే హానికర ప్రోగ్రామ్ కంప్యూటర్లలోకి దూరిన దారుల్లో ఒకటి సెండ్‌మెయిల్ అనే మెయిల్ ప్రోగ్రామ్‌లోని డీబగ్ సదుపాయం. బర్కిలీ విశ్వవిద్యాలయ నిపుణులు గంటల్లోనే సవరణ పంపారు. అప్పటికే చాలా సంస్థలు భయంతో నెట్‌వర్క్ నుంచి తప్పుకున్నాయి. ఇక సవరణ చేరేదెలా?

2021 మార్చి 2న మైక్రోసాఫ్ట్ ఎక్స్చేంజ్ అనే తన మెయిల్ సర్వర్‌కు అత్యవసర ప్యాచ్‌లు విడుదల చేసింది. అప్పటికే దాడులకు వాడుతున్న నాలుగు లోపాలను మూసేందుకవి. మొదట కొత్త క్యుములేటివ్ అప్‌డేట్లు ఉన్న సర్వర్లకే వచ్చాయి. పాతవాటికి విడిగా వచ్చేసరికి దాదాపు మరో వారం గడిచింది. ఈలోగా ప్యాచ్ దొరికినవాళ్లలో కొందరు దాని ఎంఎస్‌పి ఫైలు మీద డబుల్ క్లిక్ చేశారు. ఇన్‌స్టాల్ పూర్తయింది, ఎర్రర్ ఏదీ రాలేదు. తీరా చూస్తే బ్రౌజర్‌లో మెయిల్ తెరుచుకోదు, అడ్మిన్ పేజీ కూడా అంతే!

అడ్మినిస్ట్రేటర్‌గా లాగిన్ అయినా, ప్రత్యేకంగా అనుమతి ఇస్తే తప్ప విండోస్ సాధారణంగా ప్రోగ్రామ్‌లను మామూలు హక్కులతోనే నడుపుతుంది. ఆ హక్కులతో మొదలైన ప్యాచ్ కొన్ని ఎక్స్చేంజ్ సర్వీసులను సరిగా ఆపలేకపోయింది, దాంతో కొన్ని ఫైళ్లు పాతవే మిగిలిపోయాయి. పని సగమే జరిగినా పూర్తయిందని చెప్పింది. నా లెక్కలో ఇది ఎర్రర్ కన్నా పెద్ద దోషం, ఎందుకంటే ఎర్రర్ వస్తే మనిషి కనీసం వెతుకుతాడు.

చేయవలసింది చిన్న పనే. కమాండ్ ప్రాంప్ట్‌ను ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’తో తెరిచి, ఫైలు పూర్తి పాత్ టైప్ చేసి ఎంటర్ కొట్టాలి. మధ్యలో ఆగిపోయిన ఇన్‌స్టాల్ కొన్ని సర్వీసులను డిసేబుల్డ్‌గా వదిలేయవచ్చు, అలాంటివాటిని ఆటోమేటిక్‌కు మార్చి స్టార్ట్ చేయాలి. అప్పటికీ మొరాయిస్తే ఇన్‌స్టాలర్ లాగ్‌ను వివరంగా రాయించి, అందులో ‘రిటర్న్ వాల్యూ 3’ కోసం వెతకాలి. అసలు కారణం సాధారణంగా దానికి కాస్త పైనే ఉంటుంది. చాలామంది లాగ్ చివరి వరుస చదివి బుర్ర పాడుచేసుకుంటారు. చివరికి మైక్రోసాఫ్ట్ ఇచ్చిన హెల్త్ చెకర్ స్క్రిప్ట్‌తో పరీక్షించాలి, ‘సక్సెస్’ అన్న మాటను నమ్మి లేచిపోకూడదు.

ఇంతా చేసినా ప్యాచ్ తలుపు మూస్తుందంతే, ముందే లోపలికి వచ్చినవాళ్లను పంపించదు. దాడి చేసినవాళ్లు వదిలిన వెబ్ షెల్స్, అంటే దొంగదారి స్క్రిప్టులు, వందల సర్వర్లలో అలాగే ఉండిపోయాయి. కోర్టు అనుమతితో ఎఫ్‌బీఐ వాటిని దూరం నుంచే తొలగించిందని 2021 ఏప్రిల్‌లో అమెరికా న్యాయశాఖ ప్రకటించింది. ఎఫ్‌బీఐ ఆ సర్వర్లకు ప్యాచ్ మాత్రం వేయలేదు, ఆ పని యజమానులకే వదిలేసింది.