గాజుతొట్టిలో నీటి ప్రసరణము

మన విద్యార్థులలో కొందరు ఇండ్లలో గాజుతొట్టెలయందు చేపలను పెంచుచున్నారు. మేత వేళకు వేయుచున్నను, వేసవిలో తెల్లవారుజామున చేపలు నీటిపైకి వచ్చి నోళ్ళు తెరచుచుండుట వారు చూచియుందురు. అది ఆకలి కాకపోవచ్చును. తరచుగా అది ప్రాణవాయువు కొరతకు గుర్తు.

20 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమిగల లీటరు మంచినీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరగియుండగలదు. 30 డిగ్రీలయందు 7.5 మిల్లీగ్రాములే. రాత్రివేళ నీటిమొక్కలు కూడ దానిని వాడుకొనును. ఈ వాయువు ముఖ్యముగా నీటి ఉపరితలమునుండి లోనికి చేరును. కావున అడుగునీరు పైకిని, పైనీరు అడుగునకును తిరుగుచుండవలెను. పంపు చేయు మేలు ఇదియే.

పంపును తొట్టి నడుమగాక ఒక చివర, పైభాగమున నిలుపవలెను. ధార పొడవు వెంబడి, కొంచెము పైకి వాలి, నీటిపై అలలు లేపవలెను. అది ఎదుటి గోడను తాకి అడుగుగా మరలివచ్చును. కావున వడపోత సాధనము నీటిని పీల్చు నోరు పంపున్న వైపుననే క్రిందుగా నుండుట మేలు. రాళ్ళ వెనుక నీరు పారుటకు చోటు విడువవలెను.

చిటికెడు మేతపొడి వేసి చూడుడు. అది కదలక నిలుచు చోటనే మలినమును చేరును. ధారను అటు మరల్చుడు. చేపలు ఈదలేక మూలల దాగినచో వేగము తగ్గింపుడు. ఫైటరు చేపకు మందప్రవాహమే హితము.

నీటిలో చేయి పెట్టుటకు ముందు ప్లగ్గును తప్పక తీసివేయుడు. పిల్లలు పెద్దల యెదుటనే ఈ పని చేయవలెను.

మాటలేని జీవిని ఇంటికి తెచ్చుకొన్నవారు దాని ఊపిరిని కాపాడు భారమును కూడ వహింపవలెను.