సిన్సినాటిలో ఒక రాత్రి

మార్క్స్ 1853లో భారతదేశం గురించి రాసిన వ్యాసాలు మనలో చాలామంది చదివాం. అవి అచ్చయింది న్యూయార్క్ ట్రిబ్యూన్‌లో. ఆ పత్రిక స్థాపకుడు హొరేస్ గ్రీలీ 1872లో ఒక మూడో పార్టీ తరఫున అమెరికా అధ్యక్ష పదవికి పోటీ చేశాడని తెలిసినప్పుడు, అభ్యుదయ సంపాదకుడికి అభ్యుదయ శక్తులే పట్టం కట్టి ఉంటాయనుకున్నాను. ఆ ఎంపిక వెనుక కథ చదివాక నా భ్రమ తొలగింది.

గ్రాంట్ ప్రభుత్వపు అవినీతితో విసిగిన రిపబ్లికన్లు ‘లిబరల్ రిపబ్లికన్ల’ పేరుతో విడిపోయి ఆ మే 1న సిన్సినాటిలో సమావేశమయ్యారు. ప్రభుత్వోద్యోగాల సంస్కరణ, ఓడిన దక్షిణాది తిరుగుబాటుదారులకు క్షమాభిక్ష వారి ప్రధాన నినాదాలు. సుంకాలు తగ్గాలనేవారూ చాలామంది ఉన్నారు. సభాధ్యక్షుడు మిస్సోరి సెనేటర్ కార్ల్ షుర్జ్ జర్మనీలో 1848 విప్లవంలో పాల్గొని ప్రవాసం వచ్చినవాడు. ఆయన మొగ్గు చార్లెస్ ఫ్రాన్సిస్ ఆడమ్స్ వైపు. ఈయన ఒక అధ్యక్షుడి మనుమడు, మరొకరి కొడుకు!

ఇక బ్లేర్ల సంగతి. పెద్ద బ్లేర్ జాక్సన్ అధ్యక్షుడి అంతరంగికుడు, ‘గ్లోబ్’ పత్రిక సంపాదకుడు. పెద్దకొడుకు మాంట్‌గొమెరీ లింకన్ మంత్రివర్గంలో పనిచేశాడు. చిన్నకొడుకు ఫ్రాంక్ అంతర్యుద్ధంలో ఉత్తరాది సేనాని. ఆ తర్వాత డెమొక్రాట్లలో చేరి 1868లో వారి ఉపాధ్యక్ష అభ్యర్థి అయ్యాడు. దక్షిణాదిలో నల్లవారి ఓట్లతో ఏర్పడిన ప్రభుత్వాలను సైన్యంతో రద్దు చేయించాలని ఆ ఏడాది బాహాటంగా లేఖ రాసింది ఈయనే. 1872 నాటికి ఫ్రాంక్ కూడా మిస్సోరి సెనేటరే. అక్కడి గవర్నర్ గ్రాట్జ్ బ్రౌన్‌కు ఆయనతో తల్లుల తరఫు చుట్టరికం. 1870లో బ్రౌన్‌ను గెలిపించినవారిలో షుర్జ్ ముఖ్యుడు; అయినా అధ్యక్ష పదవికి షుర్జ్ తనను బలపరచలేదని బ్రౌన్‌కు కంటగింపు.

మే 2 రాత్రి బావమరుదుల్లా ఇద్దరూ సిన్సినాటిలో దిగారు. మర్నాటి మొదటి ఓటింగులో ఆడమ్స్‌కు 203, గ్రీలీకి 147, బ్రౌన్‌కు 95. అప్పుడు బ్రౌన్ వేదికెక్కి, తాను తప్పుకుంటున్నాననీ తన ఓట్లు గ్రీలీకి వేయమనీ కోరాడు. ఆరో విడతలో గ్రీలీ గెలిచాడు. ఉపాధ్యక్ష అభ్యర్థిత్వం బ్రౌన్‌కే దక్కింది. బేరం ఎంత దూరం నడిచిందో ఫలితమే చెబుతోంది.

విచిత్రమేమిటంటే గ్రీలీ జీవితమంతా సుంకాలను సమర్థించినవాడు! ఇదంతా కేవలం చుట్టరికపు ఎత్తుగడ అనుకుంటే పొరపాటు. ఆ క్షమాభిక్ష కోరికలోనే బ్లేర్ల రాజకీయానికి చోటుంది. పాత యజమానులు తిరిగి అధికారంలోకి వస్తే, బానిసత్వం నుంచి బయటపడినవారికి రక్షణ ఎవరు? ఫ్రెడరిక్ డగ్లస్ లోపాలెరిగే గ్రాంట్ పక్షాన నిలిచాడు. జులైలో బాల్టిమోర్‌లో డెమొక్రాట్లు, తమను దశాబ్దాలుగా దుయ్యబట్టిన గ్రీలీనే తమ అభ్యర్థిగా స్వీకరించారు.

నవంబరులో గ్రాంట్ భారీ ఆధిక్యంతో గెలిచాడు. గ్రీలీ భార్య అక్టోబరు 30న పోయింది. తాను నవంబరు 29న మరణించాడు. అతని పక్షాన ఎన్నికైన ఎలెక్టర్ల ఓట్లు చెదిరిపోయాయి. వాటిలో 18 గ్రాట్జ్ బ్రౌన్‌కు పడ్డాయి.