మెస్నే ప్రాఫిట్స్

పై పోర్షన్ అద్దెకిచ్చిన రిటైర్డు ఉద్యోగికి ఎదురయ్యే చిక్కు ఇది. నోటీసు గడువు ముగిసినా అద్దెకున్నవారు కదలరు. నెల మొదట్లో మాత్రం ఫోన్‌లో పాత అద్దె ఠంచనుగా వచ్చి పడుతుంది. కిమ్మనకుండా తీసుకుంటే అద్దె ఒప్పందం కొనసాగుతున్నట్టేనని రేపు కోర్టులో వాదించవచ్చు. అందుకే అభ్యంతరంతోనే పుచ్చుకుంటున్నామని రాతపూర్వకంగా చెప్పమంటారు లాయర్లు.

హక్కు పోయాక కూడా ఆస్తిని పట్టుకుని కూర్చున్నవారు దానిపై పొందిన, లేదా మామూలు శ్రద్ధతో పొందగలిగిన లాభమే మెస్నే ప్రాఫిట్స్. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 2(12) వడ్డీనీ ఇందులో కలిపింది. లెక్కకు పాత అద్దె కాదు, బజారు ధర ముఖ్యం.

ఆత్మారామ్ ప్రాపర్టీస్ కేసు చూడండి. ఢిల్లీ కన్నాట్ సర్కస్‌లోని ఆస్తికి నెల అద్దె 371 రూపాయల 90 పైసలు! ఖాళీ చేయమన్న ఉత్తర్వుపై స్టే కావాలంటే నెలకు 15,000 కట్టాలంది ట్రిబ్యునల్. హైకోర్టు కాదన్నా, 2004లో సుప్రీంకోర్టు ఆ షరతునే నిలబెట్టింది. అప్పీళ్లతో ఏళ్లు నెట్టుకొచ్చేవారికి చురక అంటే ఇదీ!

2021 నాటి కేంద్ర నమూనా అద్దె చట్టం లెక్కను తేల్చేసింది: గడువు దాటితే మొదటి రెండు నెలలు రెట్టింపు, ఆపై నాలుగింతలు. అయితే అది నమూనాయే, రాష్ట్రాలు చట్టం చేసుకుంటేనే చెల్లుతుంది. ఓపిక నశించినా యజమాని కరెంటు, నీళ్లు ఆపకూడదనీ అందులోనే ఉంది.