చెవి దురదకు చెవి మందే కారణమైతే?

చెవి దురద పెట్టగానే పిన్నీసో, అగ్గిపుల్లో, తలపిన్నో లోపలికి వెళ్తుంది. కాదంటే మందుల షాపులో అడిగి తెచ్చుకున్న చుక్కలు పడతాయి. అయినా తగ్గకపోతే, చెవికి రోజూ ఏమేం తగులుతున్నాయో ఆలోచించాలి. ఏదైనా పదార్థం తగిలినప్పుడు ఒంట్లోని రక్షణ కణాలు దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుని, మళ్లీ తగిలినప్పుడల్లా చర్మం మీద రచ్చ చేయడమే కాంటాక్ట్ అలర్జీ.

ఇది గంటలో దద్దుర్లు లేపే రకం కాదు. ఒకటి రెండు రోజులు ఆగి బయటపడుతుంది. ఆదివారం పెళ్లిలో పెట్టుకున్న బుట్టకమ్మలకు మంగళవారం తమ్మెలు రసి కారితే కమ్మల్ని ఎవరు అనుమానిస్తారు? ‘పదేళ్లుగా వాడుతున్నదే కదా’ అన్న వాదనా చెల్లదు. ఏళ్ల తరబడి పడిన వస్తువే ఒకనాటి నుంచి పడకపోవచ్చు.

దురద ఎక్కడుందన్నది మంచి ఆనవాలు. తమ్మెలకైతే ముందు గిల్టు నగల్లోని నికెల్‌ను అనుమానించాలి. చెమటకు అది కొద్దికొద్దిగా కరిగి చర్మంలోకి దిగుతుంది. చెవి పైఅంచు, వెనకభాగం అయితే జుట్టు రంగులోని పీపీడీ అనే రసాయనం, షాంపూ, కళ్లజోడు కాడలు. నల్ల హెన్నా పేరుతో అమ్మే పొడుల్లోనూ పీపీడీ కలుపుతుంటారు, కాబట్టి ‘మాది గోరింటాకే’ అని ధీమా పడొద్దు.

చెవి లోపలైతే ఇయర్‌ఫోన్ బుడిపెలు, వినికిడి యంత్రం అచ్చు కారణం కావచ్చు. అన్నిటికంటే తికమక పెట్టేది చెవి చుక్కల్లోని నియోమైసిన్ అనే యాంటీబయాటిక్. చాలా చుక్కల్లో దానికి తోడు స్టెరాయిడ్ ఉంటుంది. ఒకటి అలర్జీ రేపుతుంటే రెండోది దాన్ని అణచిపెడుతుంది. వేసినన్నాళ్లు కాస్త హాయి, మానగానే మళ్లీ దురద. రోగం ముదిరిందనుకుని ఇంకో సీసా తెస్తాం.

దీన్ని తేల్చేది రక్తపరీక్ష కాదు, చర్మవైద్యులు చేసే ప్యాచ్ టెస్ట్. అనుమానమున్న పదార్థాలను వీపుకి అంటించి, 2 రోజులకు తీసి చూస్తారు, ఆ తర్వాత మరో రోజో రెండు రోజులో ఆగి మళ్లీ చూస్తారు. అన్నాళ్లూ వీపు తడవకూడదు.

చుండ్రు, ఫంగస్, సోరియాసిస్‌లతోనూ చెవి దురద పెడుతుంది. నొప్పి, చీము, వినికిడి తగ్గడం ఉంటే, ముఖ్యంగా షుగర్ ఉన్నవాళ్లు, వెంటనే ఈఎన్‌టీ డాక్టరును కలవాలి. వెళ్లేటప్పుడు వాడిన చుక్కల సీసాలు, రంగు ప్యాకెట్టు, కమ్మలు అన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి.