బీచ్ హోటల్లో లాబ్‌స్టర్: మంజీర ఒడ్డు వాళ్లు వినే మాటలు, అసలు సంగతులు

బీర్కూర్ మంజీర ఒడ్డున ఉంది. సముద్రం వందల కిలోమీటర్ల అవతల. ఇక్కడివాళ్లకు లాబ్‌స్టర్ ఎదురయ్యేది సెలవులకు గోవాకో వైజాగ్‌కో పోయినప్పుడు, లేదంటే హైదరాబాద్‌లో ఏ పెళ్లిరోజుకో బయట తిన్నప్పుడు. చిన్నప్పటి నుంచి ఎరిగిన సరుకు కాదు గనక దాని చుట్టూ మాటలు ఎక్కువ.

అపోహ: నిజాంసాగర్‌లో పెరిగే నీలం కాళ్ల పెద్ద రొయ్యే లాబ్‌స్టర్.

కాదు, అది నీలకంఠ రొయ్య. వ్యాపారులు స్కాంపీ అంటారు. పెరిగేది మంచినీటిలోనే అయినా, గుడ్డు నుంచి బయటపడ్డ పిల్లకు మొదటి వారాల్లో ఉప్పు కలిసిన నీళ్లు కావాలి. అందుకోసం తల్లి రొయ్య నది వెంట సముద్రం దాకా దిగాలి. మంజీర మీద 1931లో పూర్తయిన నిజాంసాగర్, కింద గోదావరి మీద శ్రీరాంసాగర్, ఆపైన ఇంకా బ్యారేజీలు. ఇన్ని అడ్డాలు దాటి పోయి రావడం దాని తరం కాదు. అందుకే హేచరీల్లో పుట్టించిన పిల్లలను తెచ్చి జలాశయాల్లో వదులుతారు. లాబ్‌స్టర్‌కు పుట్టుక నుంచి చావు దాకా సముద్రమే. రుచి సంగతి అంటారా, పొద్దున పట్టిన నీలకంఠను చింతపండు పులుసులో వండితే, ఐస్‌లో రోజుల తరబడి పడున్న లాబ్‌స్టర్ దాని ముందు నిలవదని నా నమ్మకం.

అపోహ: పెద్ద కొండీలు లేకపోతే అది నకిలీ.

సినిమాల్లో కనిపించే లావు కొండీల లాబ్‌స్టర్ అట్లాంటిక్ సముద్రానిది. మన తీరాల్లో దొరికేవాటికి ఆ కొండీలు ఉండవు. పెంకు మీద ముళ్లు, ముందు పొడవాటి మీసాలు ఉంటాయి. మెనూలో రాక్ లాబ్‌స్టర్ అని రాసేది దీన్నే. చపాతీలా అణిగిన ఇసుక లాబ్‌స్టర్ ఇంకో రకం. ఇవన్నీ అసలువే. కొండీలు కనబడలేదని వెయిటర్‌తో తగువు పెట్టుకోనక్కర్లేదు.

అపోహ: ఎర్రగా ఉంటేనే తాజా.

ఎరుపు వేడి వల్ల వచ్చేది. బతికున్నప్పుడు మనవి ఆకుపచ్చ, గోధుమ ఛాయల్లో ఉంటాయి. పెంకులోని ఎర్ర రంగును ఒక ప్రొటీన్ పట్టి దాచి ఉంచుతుంది. ఉడికించగానే ఆ పట్టు వదిలిపోతుంది. వేడినీళ్లలో వేస్తే అరుస్తుందన్నదీ అంతే, దానికి స్వరపేటికే లేదు. అరవలేదు కదా, నొప్పి కూడా ఉండదనుకోవద్దు. స్పృహ తప్పించకుండా బతికుండగా ఉడికించడాన్ని స్విట్జర్లాండ్ 2018లో నిషేధించింది.

అపోహ: బీచ్ పక్క హోటల్లో తిన్నది ఆ పొద్దు పట్టిందే.

మన పిల్లలకు సెలవులు ఇచ్చేది మేలో. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేటకు నిషేధం. పశ్చిమ తీరంలో జూన్ 1 నుంచి జూలై 31 దాకా. ఆ రోజుల్లో ప్లేటులోకి వచ్చేది చిన్న తెప్పల వాళ్లు తెచ్చిన కొద్దిపాటి సరుకైనా కావాలి, ఫ్రీజర్‌లోదైనా కావాలి. పట్టిన వెంటనే గడ్డకట్టించి సరిగా దాచినది చెడ్డదేం కాదు. తాజా పేరు చెప్పి తాజా ధర వసూలు చేయడమే తప్పు. మెనూలో ధర చోట ‘మార్కెట్ రేటు’ అని ఉంటే వండకముందే తూకం వేయించి, మొత్తం ఎంతవుతుందో అడగండి. ఆ తూకంలో తల, పెంకు కలిసే ఉంటాయి. తినే కండ సగం కూడా రాదు.

అరచేతిలో పట్టేంత పిల్ల లాబ్‌స్టర్‌ను చూసి లేతది అని మురిసిపోవడం ఇంకొకటి. ముళ్ల లాబ్‌స్టర్లలో ఒక రకం 200 గ్రాములు, మరొకటి 300, ఇంకొకటి 500 గ్రాములు ఉంటేనే ఎగుమతి చేయాలని కేంద్రం 2003లో నిబంధన పెట్టింది. విదేశీ ప్లేటుకు పనికిరాని పిల్లలు మన ప్లేటులోకి రావడం నాకైతే మింగుడుపడదు. పొట్ట కింద గుడ్లు కనిపిస్తే అసలే వద్దనండి.

అపోహ: లాబ్‌స్టర్ అంటేనే కొవ్వు.

కండలో సంతృప్త కొవ్వు చాలా తక్కువ. పైన పోసే వెన్న సంగతి వేరు: 14 గ్రాముల చెంచాడు వెన్నలోనే ఆ కొవ్వు దాదాపు 7 గ్రాములు.

అపోహ: తిన్నాక పాలు, ఐస్‌క్రీం ముడితే బొల్లి వస్తుంది.

చేపలకు చెప్పే మాటే దీనికీ అంటగట్టారు. బొల్లి అనేది శరీర రక్షణ వ్యవస్థ చర్మానికి రంగునిచ్చే కణాల మీదే దాడి చేయడం వల్ల వస్తుంది. పాలకూ దానికీ సంబంధం లేదు.

అపోహ: బాగా ఉడికిస్తే పడనివాళ్లకూ పడుతుంది.

అన్నిటిలోకీ ప్రమాదకరమైనది ఇదే. రొయ్యలు, ఎండ్రకాయలు పడకపోవడానికి ముఖ్య కారణమైన ప్రొటీన్ లాబ్‌స్టర్‌లోనూ ఉంది, అది వేడికి చెక్కుచెదరదు. రొయ్య తిని ఒకసారి దద్దుర్లు లేచిన మనిషి డాక్టర్‌ను అడగకుండా దీన్ని రుచి చూడకూడదు. తిన్నాక పెదాలు వాచినా, గొంతు బిగిసినా, ఊపిరి ఆడకపోయినా మజ్జిగ తాగించి కూర్చోబెట్టొద్దు. 108కు ఫోన్ చేసి వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.